బిళ్ళకి వారం

ఆదివారం ఎనిమిదయ్యేసరికి మా ప్రహరీగోడ మీద మూడు పిల్లులు వచ్చి కూర్చుంటాయి. ఆవిడ ఇక రాదని వాటికి ఎవరూ చెప్పలేదు. మనుషులకు చెప్పారు. మా వీధిలోని మనుషులు "అయ్యో పాపం" అని, ఆ పూటే ఇంకో చేపలబండి ఎక్కడుందో కనుక్కున్నారు. పిల్లులు మాత్రం రెండు నెలలుగా వస్తూనే ఉన్నాయి. వాటిని తరమడం మానేశాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పదేళ్లు మా గుమ్మంలో కూర్చుని చేపలు కోసిన మనిషి పేరు, ఆసుపత్రి చీటీ మీద చూసేదాకా నాకు తెలియదు. అన్నాళ్లూ అడగనిదాన్ని ఇప్పుడు రాసి పెద్దమనసు చాటుకోవడం దేనికి? మా వీధి మొత్తానికి ఆవిడ 'కొల్లేరావిడ'. నాకూ అంతే.

కొల్లేటి మధ్య లంకలో చీకటుండగానే బయల్దేరి ఆటోలో గణపవరం, అక్కణ్ణించి బస్సులో తాడేపల్లిగూడెం వచ్చేది. బస్సులో చేపనీళ్లు కారుతున్నాయని కండక్టర్లతో రోజూ తగువే. "కొల్లేటి నీళ్లండీ బాబూ, మీ బస్సుకి తానం చేయించినట్టే" అనేదట. ఆ మాటకు నవ్వినవాడు ఎక్కించుకునేవాడు, నవ్వనివాడు దింపేసేవాడు. దింపేసిన రోజున తొమ్మిదింటికి వచ్చి, ఆలస్యానికి మమ్మల్నే తప్పు పట్టేది. "మీరందరూ కలిసి ఓ అర్జీ పెట్టొచ్చు కదండీ, సదువుకున్నోళ్లు."

మొదటిరోజు నన్ను అడిగిన మొదటిమాట, "మీకు వారాలేవండీ?"

మా వైపు ఈ మాట తెలియనివాళ్లుండరు. సోమవారం శివుడికని ముట్టనివాళ్లు, శనివారం వెంకన్నకని ముట్టనివాళ్లు, గురువారం బాబాకనీ శుక్రవారం లక్ష్మికనీ మానేసేవాళ్లు. ఏ రోజు నీచు తినరో ఆ రోజు ఆ ఇంటికి 'వారం'. ఆవిడకి మా వీధిలోని ఇరవైరెండు ఇళ్ల వారాలూ కంఠతా వచ్చు. చివరింటి క్రైస్తవులకు వారాల్లేవు గానీ, శ్రమదినాల నలభై రోజులూ వాళ్ల గేటు ముందు ఆగకూడదని కూడా తెలుసు. ఎవరింట్లో అయినా కొత్తగా మొక్కు మొదలైతే పూజారికంటే ముందు ఆవిడకి తెలిసేది.

నాకే వారమూ లేదని, ఏడు రోజులూ తింటానని చెప్పాను. కాసేపు నావైపు చూసింది.

"మంచిదండి. దేవుడికి పని తగ్గించారు."

ఆ రోజు నుంచీ మా గుమ్మమే ఆవిడ దుకాణమైంది. నేను కాలేజీలో పాఠం చెబుతానని తెలిశాక పంతులమ్మగారండీ అని పిలవడం మొదలుపెట్టింది. లెక్చరర్‌ని అని రెండుసార్లు సరిదిద్దాను. "రెండూ నోటితో సేసే పనేగదండీ" అంది. మూడోసారి సరిదిద్దలేదు.

చేపను ఎవరైనా వేలితో నొక్కి చూస్తే ఊరుకునేది కాదు. తనే మొప్ప ఎత్తి చూపేది, లోపల ఎర్రగా ఉందా లేదా అని. "మొహం సూసి కొనకండి, మొప్ప సూడండి. మొహం సచ్చినా అలాగే ఉంటది." ఈ మాట చేపలకే అనేది కాదు. మా కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ వచ్చి, ఒక ఆదివారం ఏదో కాగితం కోసం మా ఇంటికొచ్చి, నవ్వుతూ అందరికీ నమస్కారాలు పెట్టి వెళ్లాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, "ఈయన మొప్ప సూశారాండీ మీరు?" అని అడిగింది. చూడలేదు. చూసేసరికి ఏడాది పట్టింది, ఆవిడ చెప్పిందే నిజమైంది.

కోస్తున్నప్పుడు చేతులవైపు చూసేది కాదు. కత్తిపీట చెక్క మీద కాలు అదిమి పెట్టి, బూడిద రాసిన కొర్రమేనుని రెండు చేతుల్తో పట్టుకుని, మన మొహం చూస్తూ కబుర్లు చెబుతూ కోసేది. పొలుసు ఎగిరి ఆవిడ కనుబొమ మీద అంటుకుని మెరుస్తుండేది, తుడుచుకునేది కాదు. వేళ్ల నిండా పాత గాట్లు. జెల్లచేప ముల్లు గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని ఒక్కసారి పీల్చి ఉమ్మేసి మళ్లీ కోసేది. అంతే, రక్తం ఆగిపోయేది.

కిందటేడు జ్యేష్ఠంలో నెలరోజులు రాలేదు. వచ్చిన రోజు తట్ట దింపి ఆయాసపడుతూ కూర్చుంది.

"గుండెలో స్ప్రింగు ఏశారండి. ఏలూర్లో. తెల్లకార్డు మీద ఊరికే ఏశారు."

గుండెపోటు ఎలా వచ్చిందో చెప్పలేదు, స్ప్రింగు ఎలా వెళ్లిందో చెప్పింది. మణికట్టు మీద చుక్కంత మచ్చ చూపించి, "ఇక్కణ్ణించి ఎల్లి గుండెలో దిగారండి, కాలవ పట్టుకుని పడవెల్లినట్టు" అంది. మా జువాలజీ మేడమ్ అరగంట చెప్పినా అంత బాగా చెప్పలేదు.

రెండు రకాల బిళ్ళలిచ్చారు. ఒకటి తెల్లది, చిన్నది. ఇంకోటి గులాబీరంగుది. రెండూ రక్తం గడ్డకట్టకుండా చేసేవే. తెల్లది జన్మంతా, గులాబీది ఏడాది అన్నారట. లోపల పెట్టింది ఇనుపతీగ. దాని మీద మన కండ పొరలా పెరిగి కప్పేదాకా రక్తం దాన్ని పరాయిదనుకుని అక్కడే గడ్డకట్టచ్చు. అప్పటిదాకా రెండు బిళ్ళలూ కాపలా. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ఆవిడ తెలుసుకున్నది ఒక్కటే: ఈ బిళ్ళలు వేసుకున్నాక, వేలు నోట్లో పెట్టి పీల్చితే రక్తం ఆగడంలేదు.

భాద్రపదంలో ఒక ఆదివారం. గుమ్మం ముందు ఆరేడుగురున్నారు. జెల్లముల్లు బొటనవేలి మొదట్లో గుచ్చుకుంది. నోట్లో పెట్టుకుంది, ఉమ్మింది, మళ్లీ కోసింది. రక్తం కారుతూనే ఉంది. పళ్లెంలో ముక్కల మీద పడుతోంది. అందరూ చూస్తున్నారు, ఎవరూ అనడంలేదు. అనాల్సినప్పుడు అనకపోతే నాకు అన్నం సయించదు.

"ఏవమ్మా, ఇందులో చేప రక్తమెంత, నీ రక్తమెంత?"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. "నాదేనండీ ఎక్కువ. సేపకి రత్తం తక్కువుంటది" అని, పైటచెంగు చింపి వేలికి చుట్టుకుని, ఆ పళ్లెంలోవి పిల్లులకు వేసేసి వేరే చేప తీసింది. నా పక్కనున్నావిడ మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయింది. నా మాట నాకు బాగా నచ్చింది. సోమవారం స్టాఫ్ రూములో కూడా చెప్పి నవ్వించాను.

తర్వాతి ఆదివారాల్లో ఆవిడ వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని వచ్చేది, నెమ్మదిగా కోసేది. మొదటిసారి ఆవిడ చేతులవైపు చూసుకుంటూ కొయ్యడం చూశాను.

కార్తీకంలో మా వీధంతా నీచు మానేస్తుంది, నేనూ చివరింటివాళ్లూ తప్ప. మా రెండిళ్ల కోసం చేపలు మోసుకురాదు కదా. ఆ నెల కొల్లేటి కలువపూలు తెచ్చి శివపూజలకు అమ్మేది. ఒక శనివారం పూలు అమ్ముకుని మా మెట్టు మీద కూర్చుని, బొడ్లోంచి బిళ్ళల అట్టలు తీసి నీళ్లడిగింది. ఇచ్చాను. రెండు బిళ్ళలూ వేసుకుంది.

"ఇప్పుడా వేసుకోవడం? పొద్దున్నే కదా వేసుకోవాలి" అన్నాను.

"మర్సిపోయానండి. శనివారం కదండీ, అలవాటు తప్పింది. కార్తీకంలో కోత లేదని రోజూ ఏసుకుంటన్నాను గానీ, మామూలుగా అయితే శని, ఆదివారాలు బిళ్ళకి వారవండి."

"బిళ్ళకి వారమేమిటి?"

"ముట్టనండి. శనివారం మానేత్తే ఆదివారానికి రత్తం సిక్కబడుద్ది. ఆదివారమే కదండీ బేరం. రత్తం కారతా కూకుంటే ఎవరు కొంటారండి? సోమవారం నించి మళ్లీ ఏసేసుకుంటాను. దేవుళ్లకే ఓ రోజు మానేత్తే ఏవనుకోరు, బిళ్ళ ఏవనుకుంటదండీ?"

నన్ను తప్పుపడుతూ అన్న మాట కాదు అది. ఎవరో ఏదో అన్నారన్న ఊసే లేదు. తన తెలివికి నేను మెచ్చుకుంటాననే అనుకుందేమో. నేను అరగంట కేకలేశాను. గుండె, ఇనుపతీగ, గడ్డ, చావు, అన్నీ చెప్పాను. పిల్లల్ని ఫెయిల్ చేసేటప్పుడు కూడా అంత గట్టిగా మాట్లాడను. వింది. "అలాగేనండి" అంది. మా వైపు 'అలాగేనండి' అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇక మీరు ఆపితే బాగుండునని.

మర్నాడు రబ్బరు తొడుగులు కొనిచ్చాను. కార్తీకం దాటాక వాటిని వేసుకుని ఒకే ఒక్క కొర్రమేనుని పట్టుకుంది. అది జారి కాలవలో పడింది. తొడుగులు విప్పి, కడిగి, మడిచి నాకే ఇచ్చేసింది. "సేపకి నేను తెలీడం లేదండి."

మార్గశిరానికి మనిషి పాలిపోయింది. చిగుళ్లలోంచి రక్తం, మెట్టెక్కితే ఆయాసం. అడగ్గా అడగ్గా విరేచనం నల్లగా అవుతోందని చెప్పింది, అంటే కడుపులోనూ రక్తం పోతోందన్నమాట. మోకాళ్ల నొప్పులకి మందులషాపువాడు ఇచ్చిన బిళ్ళలు కూడా మింగుతోంది, అవీ కడుపులో పుండ్లు చేసేవే. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు పుస్తకాలు, నలభై కాగితాలు చదివాను. అందరికీ ఏడాది అని ముద్ర కొట్టే పనికాదనీ, రక్తం పోయే ప్రమాదం ఉన్నవాళ్లకి ముందే ఒకటి ఆపవచ్చుననీ, గడ్డకట్టే భయమూ రక్తం పోయే భయమూ రెండూ చూసి మనిషిని బట్టి తేల్చాలనీ అందులో ఉంది. అది నిజం. ఇప్పటికీ నిజమే. ఆ నిజం పట్టుకుని ఆవిణ్ణి ఏలూరు తీసుకెళ్లాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రతి చెరువూ ఎవరిదో, ఏ చెరువు గట్టు ఎవరు కొట్టారో, మళ్లీ ఎవరు కట్టారో చెబుతూ వచ్చింది. భీమడోలు దాటాక మాట మార్చింది.

"డాట్రుగారికి వారం సంగతి సెప్పకండేం."

"ఎందుకు చెప్పకూడదు?"

"కార్డు మీద ఏసిన స్ప్రింగు కదండీ. మానేత్తన్నానంటే మళ్లీ ఏదన్నా వత్తే సూడరేమోనండి."

"అలా ఎవరూ చెయ్యరు."

"మీకు సెయ్యరండి."

చూద్దాంలే అన్నాను. నా మణికట్టు పట్టుకుని ఏలూరు బస్టాండు దాకా వదల్లేదు.

డాక్టరుగారు నలభై లోపు మనిషి. వినేవాడు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోమంటే కూర్చోదు. చివరికి ఆయనే లేచి నిలబడితే అప్పుడు కూర్చుంది. రక్తపరీక్ష చీటీ చూశారు, ఒంట్లో రక్తం తగ్గిపోయింది. మోకాళ్ల బిళ్ళల సంగతి విని మొహం చిట్లించారు. నేను మొదలుపెట్టాను. పది నిమిషాలు మాట్లాడాను. ఆయన అడ్డు రాలేదు. అంతా విని, "మీరు చెప్పింది కరెక్టేనండి. అందరికీ ఒకే కొలత కాదు. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లకి ఏడాది మామూలు. ఈవిడకి రక్తం ఇలా పోతుంటే ఆరు నెలలకే గులాబీది ఆపచ్చు. ఆ స్టెంటు పెట్టిన చోటు కొంచెం ఇబ్బందిదే, అందుకే ఆలోచిస్తున్నాను" అన్నారు.

ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, ఈ ఆరు నెలలూ బిళ్ళలు రోజూ వేసుకున్నారా?"

"ఆయ్. రోజూనండి."

ఇరవై ఏడేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. హోంవర్క్ చేశానని చెప్పే గొంతు నాకు తెలుసు. వెన్ను నిటారుగా పెట్టి, మంచిచీర కుచ్చెళ్లు సర్దుకుని, అచ్చం ఆ గొంతుతో చెప్పింది. ఆయన నావైపు చూశారు. అడగలేదు, చూశారంతే. నేను నోరు విప్పలేదు.

జీవితంలో అక్కర్లేని చోట కూడా ఊరుకోనిదాన్ని. పెళ్లిళ్లలో, మీటింగుల్లో, పరామర్శలకు వెళ్లినచోట కూడా. ఆ గదిలో ఊరుకున్నాను.

"రోజూ వేసుకున్నారు కాబట్టి ధైర్యంగా ఆపేద్దాం" అని ఆయన చీటీ మీద గులాబీ బిళ్ళ కొట్టేశారు. మోకాళ్ల మందు మానెయ్యమన్నారు, కడుపుకి వేరే మందు రాశారు. తెల్లది మాత్రం ఒక్కరోజు కూడా తప్పకూడదని మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ "అలాగేనండి" అంది.

పుష్యం, మాఘం బాగానే గడిచాయి. మొహంలోకి రంగు వచ్చింది. ఒకరోజు ముల్లు గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని, ఉమ్మి, నాకు చూపించింది. "ఆగిపోయిందండి పంతులమ్మగారండీ. సూడండి." ఆ సంతోషం చూసి నాకు గర్వం. నేనే ఆపించానుగా. తెల్లబిళ్ళ వేసుకుంటున్నావా అని అడిగాను. వేసుకుంటున్నానంది. ఎక్కువ తరచి అడగలేదు. మళ్లీ నేనొకటంటే, ఆవిడొకటంటే, ఆదివారం పాడవుతుందని.

ఫాల్గుణంలో ఒక బుధవారం ఆవిడ చెల్లెలు మా గుమ్మానికి వచ్చింది. చేతిలో తట్ట లేదు. "పొద్దున్న తట్ట నెత్తికెత్తుకోబోతా కూకుండిపోయిందండి. నీళ్లిచ్చేలోపే అయిపోయింది. మీకు సెప్పాలనిపించి వచ్చానండి, మా అక్క మీ మాటే సెప్పేది" అంది. ఏ మాట చెప్పేదో అడిగే ధైర్యం లేకపోయింది.

పదిరోజులాగి ఏలూరు వెళ్లాను, ఒక్కదాన్నే. డాక్టరుగారికి ఆవిడ గుర్తుంది, కుర్చీలో కూర్చోనన్న మనిషిగా. పోయిందని చెప్పాను. శని, ఆదివారాల సంగతి చెప్పాను. కార్తీకంలో మాత్రం రోజూ వేసుకుందని కూడా చెప్పాను, అది ఏదో ఊరట అయినట్టు.

ఆయన పెన్ను మూసి పక్కన పెట్టారు.

"ఆ మందు పవరు ఒక్కరోజులో పోదండి. శనివారం మానేస్తే ఆదివారానికి కొంచెం తగ్గుతుంది, అంతే. రక్తం ఆగేటంత తగ్గదు. అటు చెయ్యి ఆగదు, ఇటు కాపలా తగ్గిపోతుంది. ఆవిడకి ఆ ఆదివారాలు కూడా దక్కలేదండి."

"అప్పుడే తెలిస్తే ఏం చేసేవారు?"

"ఆ రోజే ఆపేవాణ్ణి కాదు. రక్తం ఎక్కించి, కడుపు చూపించి, మందు మార్చి, ఇంకో రెండు మూడు నెలలు దగ్గరుండి చూసేవాణ్ణి. అలా చేస్తే బతికేదని నేననడం లేదు. కడుపులో రక్తం పోయి అంతకుముందే పోయేదేమో. నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. కానీ నేను ఆరు నెలలు అనుకుని నిర్ణయించానండి. అవి ఆరు నెలలు కావు."

ఆగి అడిగారు. "మీకు తెలుసు కదండీ, ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ మాట తీసుకుందని చెబుదామనుకునే వెళ్లాను. బస్సంతా అదే సిద్ధం చేసుకున్నాను. కార్డు, భయం, నా మణికట్టు పట్టుకోవడం. అవన్నీ నిజాలే. కానీ ఆ రోజు ఆ గదిలో నా మనసులో ఉన్నవి అవి కావు.

"మీరు నా మాట ఒప్పుకుంటున్నారు" అన్నాను. "మధ్యలో ఇది చెబితే ఒప్పుకోరని."

ఆయన తల ఊపారు. కోప్పడలేదు. కోప్పడితే జవాబు చెప్పేదాన్ని, అది నాకు వచ్చిన విద్య. నర్సు తలుపు తీసి తర్వాతి మనిషిని లోపలికి పంపింది. నల్లగా, ఎండకి కమిలిన మనిషి, వెనక భార్య. నేను లేచి సంచి వెతుక్కుంటున్నాను. డాక్టరుగారు ఫైలు తెరిచి, "బిళ్ళలు రోజూ..." అని, ఆగిపోయారు. ఫైలు మూసి, మళ్లీ అడిగారు.

"బిళ్ళలు ఏయే రోజుల్లో మానేస్తున్నారండీ?"

"లేదండి, రోజూ..." అంటున్నాడా మనిషి. భార్య అందుకుంది.

"సెరువు పట్టుబడి రోజుల్లో ఎయ్యడండి. వల లాగితే సేతులు గీరుకుంటాయని. ఎంత సెప్పినా వినడు."

"నెలకి ఎన్ని రోజులుంటాయమ్మా పట్టుబడి?"

ఆ మనిషి నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నాడు. పరాయి ఆడమనిషి ఎవరో నిలబడి వింటోంది కదా. చెప్పవయ్యా అని నాలిక చివరిదాకా వచ్చింది. సంచి తీసుకుని బయటికి వచ్చి, తలుపు వేశాను.